మన మాటే డాక్టరుకు దారి

అక్కలారా! జ్వరం వస్తే డాక్టరు ఏం చేస్తారు? నాడి చూస్తారు. రక్తం పరీక్ష చేయిస్తారు. మరి మనసుకు జబ్బు చేస్తే? దిగులును కొలిచే థర్మామీటరు లేదు. అక్కడ డాక్టరుకు దారి చూపేది మన మాటే.

ఒక తల్లి సంగతి చూద్దాం. ఆమెకు ఒళ్లు నొప్పులు, తల బరువు. ఎన్నో పరీక్షలు చేయించారు. "నీకేం లేదమ్మా" అన్నారు. ఇంట్లోవాళ్లు "గాలి సోకింది" అన్నారు. చివరికి మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు.

"ఏం బాధమ్మా?" అని అడిగి, డాక్టరమ్మ వింటూ కూర్చుంది.

"గుండెల మీద బండ పెట్టినట్టుంది. తెల్లారకముందే మెలకువ వస్తుంది. అన్నం సయించదు. నేనెందుకూ పనికిరాననిపిస్తుంది."

డాక్టరమ్మ ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టే రాసుకుంది. "ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది. "రెండు నెలల నుంచి." ఆ మాటల వల్లే తెలిసింది, అది దిగులు జబ్బు అని. దానికి మందులున్నాయి. మాటలతో చేసే వైద్యమూ ఉంది.

ఏం చెప్పామన్నదే కాదు, ఎలా చెప్పామన్నది కూడా చూస్తారు. దిగులు ముదిరితే మాట మెల్లగా, ఆగి ఆగి వస్తుంది. ఉద్రేకం జబ్బులో మాట ఆగకుండా పరుగెడుతుంది. కొందరి మాటలకు పొంతన ఉండదు. కొందరికి పక్కన ఎవరూ లేకున్నా మాటలు వినబడతాయి. అయితే ఒక్క మాట పట్టుకుని జబ్బు తేల్చరు. ఇంటివాళ్లనూ అడుగుతారు. ఒంట్లో వేరే జబ్బు ఉందేమో చూస్తారు.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని కూడా అడుగుతారు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరి భయం. అది నిజం కాదు. దాచకుండా చెప్పండి. అది ప్రాణం కాపాడే మాట.

డాక్టరుతో ఇంగ్లీషు అక్కరలేదు. మన ఇంటి మాటల్లోనే చెప్పండి. అందరి ముందు చెప్పలేకపోతే "ఒంటరిగా మాట్లాడాలి" అని అడగండి. రోగి చెప్పింది గుట్టుగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో మినహాయింపు ఉంది.

మీకిప్పుడు రాయడం వచ్చు. వెళ్లేముందు కాగితం మీద రాసుకోండి: నిద్ర ఎలా ఉంది? ఆకలి ఎలా ఉంది? బాధ ఎన్నాళ్ల నుంచి?

ఈ నంబరు కూడా గోడ మీద రాసుకోండి: 14416. దీని పేరు టెలీ మానస్. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది. డబ్బు ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడవచ్చు.

మీ పొరుగున ఏ అక్కయినా దిగులుగా ఉందా? "పిచ్చి" అనకండి. పక్కన కూర్చుని వినండి.