వీధి ఒకటే, కంచాలు వేరు

ఒక పట్టణం. ఒకే వీధి. మొదటి ఇంట్లో పద్నాలుగేళ్ల బాలుడు రెండంతస్తుల మెట్లెక్కేసరికి రొప్పుతాడు. చివరి ఇంట్లో అదే వయసు బాలిక మంచినీళ్ల బిందె మోసుకొచ్చి, కళ్లు తిరిగి కూలబడుతుంది. 'నోరు కట్టుకో' అని అతనికీ, 'కాస్త ఒళ్లు చేయి' అని ఆమెకూ అందరూ హితవు చెబుతారు. తప్పంతా వారి నాలుకదే అన్నట్లు! ఆ రెండు కంచాలలో వడ్డించిన చేతులను మాత్రం ఎవరూ గమనించరు.

బాలుని సంగతి చూడండి. పసితనంలో అతడు బొద్దుగా ఉన్నాడని ఇంటిల్లిపాదీ మురిసి దిష్టి తీశారు. 'ఇంకొక్క ముద్ద' అంటూ కడుపు నిండాక కూడా తినిపించారు. కంచంలో మెతుకు మిగిలిస్తే అన్నపూర్ణకు అపచారమన్నారు. ఇక చాలునని పొట్ట చెప్పే మాట వినడం అతడు ఆనాడే మరచిపోయాడు. ఇప్పుడు తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాల నుంచి చీకటి పడ్డాక వస్తారు. బడికీ ట్యూషన్‌కూ మధ్య అతనికి దొరికేది బజ్జీల బండి, లేదా నూడుల్స్ పొట్లం. ఆడుకునే స్థలంలో ఇళ్లు లేచాయి. సైకిలు స్థానంలో ఆటో వచ్చింది.

బాలిక ఇంట్లో కథ వేరు. రేషను బియ్యంతో కడుపు నిండుతుంది; పప్పు మాత్రం నీళ్లలా జారుతుంది. ఉన్న ఒక్క గుడ్డు 'మగపిల్లవాడు కదా' అని తమ్ముడికి వెళుతుంది. మగవారి భోజనాలయ్యాక గిన్నెలో మిగిలిందే తల్లికీ, కూతురికీ. తమ్ముడితో సమానంగా ఆమెకు గుడ్డు దక్కేది బడిలో మధ్యాహ్న భోజనం వేళ మాత్రమే.

ఈ ఇద్దరూ కల్పిత పాత్రలే గాని, వారి వెనుక ఉన్న అంకెలు కల్పితం కావు. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం 10 నుంచి 19 ఏళ్లవారిలో 24 శాతం మంది వయసుకు తగనంత సన్నగా ఉన్నారు. 5 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. రక్తహీనత బాలురలో 18 శాతం, బాలికలలో 40 శాతం. నెలసరిలో పోయే ఇనుమును పూడ్చవలసిన కంచమే ఆడపిల్లకు అందరికన్నా చివర వస్తున్నది.

బరువుకూ సంపదకూ ఉన్న సంబంధం దేశాన్ని బట్టి మారుతుంది. జెఫ్రీ సోబాల్, ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే పరిశోధకులు అంతవరకు వెలువడిన అధ్యయనాలను 1989లో సమీక్షించారు. పేద దేశాలలో స్థూలకాయం కలవారి ఇళ్లలో ఎక్కువ. సంపన్న దేశాలలో, ముఖ్యంగా స్త్రీలలో, పేదల ఇళ్లలో ఎక్కువ. చక్కెర, నూనె నిండిన పొట్లం పండు కంటె చౌకగా దొరికేచోట స్థూలకాయం పేదవాని ఇల్లు వెతుక్కుంటూ పోతుంది. చిప్స్ పొట్లాల దండలు ఈనాడు మన పల్లెటూరి కిళ్లీకొట్లలో కూడా వేలాడుతున్నాయి.

'వంశం అలాంటిది, ఏం చేస్తాం?' అనేవారున్నారు. వారి మాటలో కొంత నిజముంది. డెన్మార్క్‌లో దత్తత వెళ్లిన 540 మందిపై స్టంకార్డ్ బృందం 1986లో ప్రకటించిన అధ్యయనంలో, పెద్దయ్యాక వారి శరీరాకృతి పెంచినవారిని గాక కన్నవారినే పోలి ఉంది. అయితే వంశం ఇచ్చేది మొగ్గు మాత్రమే. ఒక్క తరంలో వంశం మారిపోదు. మారినవి అంగడి, ఆట, వంటిల్లు.

మరొక ముడి తల్లి గర్భంలోనే పడుతుంది. పుణె ప్రాంతపు నవజాత శిశువులను డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి, 2003లో ఫలితాలు ప్రకటించింది. ఇక్కడి బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడివారిది 3.5 కిలోలు. మన బిడ్డలలో కండ బాగా తక్కువ. కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. ఇటువంటి శరీరానికి ముందు ముందు మధుమేహం ముప్పు ఎక్కువని శాస్త్రజ్ఞుల భావన. ఈనాడు చివర తినే బాలికే రేపటి తల్లి. ఆమె కంచంలోని లోటు ఆమెతోనే ఆగదు.

మరి ఇల్లు ఏం చేయాలి? మొదట మందలింపు మానాలి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లీన్ బర్చ్ ప్రయోగాలలో, కళ్లెదుట ఉంచి వద్దన్న తినుబండారంపైనే పిల్లలకు మోజు పెరిగింది. తెలియని రుచిని పలుమార్లు అందిస్తే క్రమంగా ఇష్టం కలిగింది. చిరుతిండిని డబ్బాలో దాచి కాపలా కాయడం కంటె కొనకపోవడమే మేలు. ఆకుకూర ఒకసారి వద్దన్నా మళ్లీ వడ్డించాలి. తండ్రి కూడా అదే తినాలి.

బడికి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువైన పదార్థాలు అమ్మరాదని 2020లో నిబంధన వచ్చింది. వంటింటికి నిబంధన పెట్టవలసింది ఇంటివారే. వీధి చివరి ఇంట్లో దానికి ఖర్చు కూడా లేదు. గుడ్డు ఒక్కటే ఉంటే రెండుగా కోయవచ్చు. పీట మరొకటి వాల్చి, అక్కను తమ్ముడి పక్కనే కూర్చోబెట్టవచ్చు.