పదుగురి పని – ఒక్క ప్రతి

అనంతపురము వానలు తక్కువైన మెట్టసీమ. పడమటి కనుమల చాటున నుండుటచే ఇచట సాలీనా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. 2022 వరకు ఈ జిల్లాలో నుండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన కదిరి ప్రాంతమున కటారుపల్లి యను గ్రామము కలదు. వేమన యోగి సమాధి అచటనే యున్నది.

వేమన పద్యములు చిరకాలము వ్రాతప్రతులలో నిలిచి యుండెను. ఒక లేఖకుడు ఒక మాట మార్చెను. మఱియొకడు ఒక పాదమునే మార్చెను. ఎవరు మార్చిరో, ఏల మార్చిరో ఎవరును వ్రాసి యుంచలేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను పెక్కు ప్రతులు సేకరించి, పండితుల సాయముతో వానిని సరిపోల్చి, 1829లో ఆ పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. ఒక్క గ్రంథము పలువురి చేతులలో పలు విధములైనచో దానిని మరల ఒక్కటి చేయుట ఎంత శ్రమయో దీనివలన తెలియును.

నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికి ఇట్టి చిక్కే ప్రతిదినము ఎదురగును. ఒక ప్రోగ్రామును పదుగురు పదిచోట్ల నుండి వ్రాయుదురు. ఒకరి మార్పు మఱియొకరి మార్పును చెఱిపివేయకుండ కాపాడుటకు ఒక సాధనము కావలెను. 1991లో లినక్సును ప్రారంభించిన ఫిన్లాండు దేశీయుడు లైనస్ టోర్వాల్డ్స్, తాము వాడుచున్న బిట్‌కీపర్ అను సాధనము ఉచితముగా లభింపకపోగా, 2005 ఏప్రిల్ నెలలో గిట్ అను క్రొత్త సాధనమును నిర్మించెను.

గిట్ పద్ధతి యిట్టిది. దూరముననున్న కంప్యూటరులో అందరికి ఉమ్మడియైన భాండాగార మొకటి యుండును. దీనినే రిమోట్ రిపోజిటరీ యందురు. పనివారు ప్రతియొక్కరును దాని పూర్తి ప్రతిని, పూర్వ చరిత్రతో సహా, తమ కంప్యూటరులో నుంచుకొందురు. మార్పు చేసినవారు తమ పేరు, కాలము, కారణము వ్రాసి దానిని భద్రపఱతురు. ఇది కమిట్. ప్రతి కమిట్‌కును సామాన్యముగా 40 అక్షరముల గుర్తు ఏర్పడును. తమ కమిట్లను ఉమ్మడి భాండాగారమునకు పంపుట పుష్. ఇతరుల కమిట్లను తెచ్చి తమ ప్రతిలో కలుపుకొనుట పుల్.

ఒక ఉదాహరణము చూడుడు. వేరుసెనగ విత్తుటకు చాలినంత వాన కురిసినదో లేదో రైతులకు తెలుపు ప్రోగ్రామును అనంతపురమున ఒక యువతియు, బెంగుళూరున ఆమె సహోద్యోగియు వ్రాయుచున్నారనుకొనుడు. అందు 20 మిల్లీమీటర్లు చాలునని యున్నది. ఎఱ్ఱనేల త్వరగా ఆరునని తలచి యామె దానిని 25గా మార్చి పుష్ చేసినది. అది యెఱుగక అతడు 30గా మార్చి పుష్ చేయబోయెను. భాండాగారము అంగీకరింపలేదు, ఏలయన, ఆమె మార్పు అతని ప్రతిలో లేదు. అంగీకరించి యుండినచో ఆమె శ్రమ ఎవరికిని తెలియకుండ మఱుగుపడి యుండెడిది.

అంతట అతడు పుల్ చేసెను. మార్పులు వేర్వేఱు చోట్ల నున్నచో గిట్ వానిని తానే కలుపును. ఇచట ఇద్దరును ఒకే పంక్తిని మార్చిరి. కావున అది రెండు పాఠములను ప్రక్కప్రక్కన చూపి ఆగిపోయెను. ఏ సంఖ్య సరియైనదో గిట్ ఎఱుగదు. తడి చాలక విత్తనము మొలవకున్నచో నష్టపడువాడు రైతు. కావున వారిద్దరును మాటలాడుకొని, నేల తీరు తెలిసినవారి నడిగి, ఒక సంఖ్యను నిర్ణయించి, అతడు దానిని కారణముతో కమిట్ చేసి మరల పుష్ చేయవలెను.

భాండాగారము నిరాకరించినప్పుడు బలవంతముగా పుష్ చేయు మార్గమును గిట్‌లో కలదు. తొందరపడి అట్లు చేసినచో తోటివారి కమిట్లు ఉమ్మడి ప్రతినుండి తొలగిపోవును. కావున పని ప్రారంభించునపుడు పుల్ చేయుట, చిన్న చిన్న మార్పులను వెంటనే పంపుట, కారణమును స్పష్టముగా వ్రాయుట మంచి పనివారి యలవాట్లు. నాటి లేఖకులు మార్పునకు కారణము వ్రాయకపోవుటచే బ్రౌనునకు ఏండ్ల శ్రమ కలిగినది. నేడు ఒక్క పంక్తి వ్రాసినచో తరువాతి వారికి ఆ శ్రమ తప్పును.