ముద్దుపేరు ఎందుకు పుట్టింది?

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఆడపిల్లకు రెండు పేర్లు: బడి రిజిస్టరులో ఒకటి, ఇంట్లో బుజ్జో చిట్టో అమ్ములో. పొడుగు పేరును కురచ చేయడానికే ముద్దుపేరు పుట్టిందంటారు. అదే నిజమైతే సుబ్బలక్ష్మి సుబ్బులు అయితే సరిపోవాలి. పేరుతో పొత్తే లేని బుజ్జి దేనికి? అసలు కారణం మర్యాద. మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టేవారు. అత్తగారి పేరు కోడలి నోట రాకూడదు, ఆ పేరు పెట్టి కూతుర్ని కసరనూ కూడదు. అందుకే వెంకటసుబ్బమ్మ చిట్టి అయింది.

ఇప్పుడన్నీ రెండక్షరాల కొత్త పేర్లే కదా, ఇంకా చిట్టి ఎందుకంటారా? ఆ పట్టింపు సడలినా చనువు మిగిలింది. పెళ్లీడుకొచ్చాక కూడా పాప అనడం చిన్నచూపేనన్న మాటలో కొంత నిజముంది. అయితే ఆ పిలుపు చెల్లేది పుట్టింట్లోనే. 1945లో తెనాలిలో పుట్టిన సరస్వతీదేవి నటిగా శారద అయ్యారు. నలుగురి కోసం పెట్టుకున్న ఆ పేరూ చదువులతల్లిదే, ముద్దుపేరు కాదు. ముద్దుపేరు గడప దాటదు, దాటనక్కర్లేదు.