ఆకుకూరలు – మూత్రపిండాలలో రాళ్ళు

మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం బాన్సువాడ ప్రాంతాన్ని వరిపొలాల సీమగా మార్చింది. 2016 వరకు నిజామాబాదు జిల్లాలోను, ఆ తరువాత కామారెడ్డి జిల్లాలోను ఉన్న ఈ పట్టణం చుట్టూ కాలువలు పారినప్పుడు నేల పచ్చగా ఉంటుంది. అయితే పొలానికి పారినంత ధారాళంగా నీరు పొలంలో పనిచేసే మనిషి గొంతులోకి దిగదు. నలభై డిగ్రీలు దాటే ఎండలో శరీరంలోని నీరు చెమటగా పోతుంది. పని ముగిసేదాకా దాహాన్ని ఓర్చుకోవడం శ్రమజీవులకు అలవాటు. వీపు పక్క నుండి గజ్జల వరకు మెలిపెట్టే మూత్రపిండాల రాళ్ళ నొప్పికి ఈ అలవాటు ఒక ముఖ్యకారణం.

ప్రాచీన వైద్యులకు ఈ వ్యాధి తెలియనిది కాదు. సుశ్రుత సంహిత దీనిని ‘అశ్మరి’ అని పేర్కొని శస్త్రచికిత్సను కూడా వివరించింది. మూత్రంలో కరిగి ఉండవలసిన లవణాలు, నీరు చాలనప్పుడు, స్ఫటికాలుగా విడివడతాయి. అవి ఒకదానినొకటి అంటుకొని పెరిగి రాయిగా గట్టిపడతాయి. ఎక్కువ మందిలో కనిపించేది కాల్షియం ఆక్సలేటు రాయి. కాల్షియం ఎముకలకు బలాన్నిచ్చే ఖనిజం. ఆక్సలేటు మొక్కలలో సహజంగా ఉండే పదార్థం. కొంత ఆక్సలేటు మన శరీరంలోనూ తయారవుతుంది.

ఇంటిలో ఒకరికి రాళ్ళున్నాయని తెలియగానే మొదట నిషేధానికి గురయ్యేవి పాలకూర, టమాట. ఈ రెండింటినీ కలిపి వండరాదనే మాట తెలుగునాట ఇంటింటా వినిపిస్తుంది. పాలకూర విషయంలో ఆ భయం నిరాధారం కాదు. పాలకూర, తోటకూర, చేమ ఆకు, చుక్కకూర వంటి వాటిలో ఆక్సలేటు అధికం. టమాటకు మాత్రం ఈ అపవాదు అన్యాయంగా అంటింది. దానిలో ఆక్సలేటు స్వల్పం. గింజలు కడుపులో చేరి రాళ్ళవుతాయనే ఊహకు ఆధారమే లేదు. తిన్న గింజ జీర్ణమార్గం గుండా పోతుందే గాని మూత్రపిండానికి చేరదు.

అన్ని ఆకులూ ఒక్కటి కావు. మెంతికూర, కొత్తిమీర, మునగాకులలో ఉండే ఆక్సలేటు చాలావరకు నీటిలో కరగనిది. అటువంటిది రక్తంలోకి అంతగా చేరదు. కాబట్టి రాళ్ళ భయంతో ఆకుకూరలన్నింటినీ వదిలివేయడం, ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ ‘ఏ’ కొరతలు విస్తారంగా ఉన్న దేశంలో, ఒక వ్యాధిని తప్పించుకోబోయి మరొకదానిని పిలవడమే.

ఇంతకంటె హానికరమైన అపోహ మరొకటి ఉంది. రాయిలో ఉన్నది కాల్షియమే కదా అని పాలు, పెరుగు మానివేస్తారు. ఒకప్పుడు వైద్యులు కూడా అదే సలహా ఇచ్చేవారు. ఇటలీలో లోరిస్ బోర్గి బృందం, పదేపదే రాళ్ళు ఏర్పడే 120 మంది పురుషులను రెండు జట్లుగా విభజించి, ఐదేళ్ళపాటు పరిశీలించి 2002లో ఫలితాలను ప్రకటించింది. ఒక జట్టుకు కాల్షియం తగ్గించిన ఆహారం. రెండవ జట్టుకు తగినంత కాల్షియం ఉండి, ఉప్పు, మాంసకృత్తులు తగ్గించిన ఆహారం. కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి మళ్ళీ రాళ్ళు వచ్చాయి. రెండవ జట్టులోని 60 మందిలో 12 మందికే వచ్చాయి. కారణం పేగులలోనే ఉంది. భోజనంలోని కాల్షియం అక్కడ ఆక్సలేటును పట్టుకొని మలంతో బయటకు పంపుతుంది. కాల్షియం లేకపోతే ఆ ఆక్సలేటు రక్తంలోకి, అక్కడి నుండి మూత్రంలోకి చేరుతుంది. పాలకూర పప్పు తిన్న తరువాత అదే పూట పెరుగన్నం తినే తెలుగువారి పద్ధతి ఈ దృష్టితో చూస్తే ఎంతో మేలైనది.

ఆ పరిశోధనలో రెండవ జట్టుకు ఉప్పు తగ్గించడానికీ కారణముంది. మూత్రపిండాలు అదనపు సోడియమును విసర్జించేటప్పుడు దాని వెంట కాల్షియం కూడా మూత్రంలోకి పోతుంది. పూటపూటా ఊరగాయ, అప్పడం ఉండవలసిందే అనే ఇంట పాలకూరను మాత్రమే తప్పుపట్టడం సబబు కాదు. మాంసం మితిమీరినా మూత్రంలో కాల్షియం, యూరిక్ ఆమ్లం పెరిగి, రాళ్ళను అడ్డుకునే సిట్రేటు తగ్గుతుంది. ఆ సిట్రేటు నిమ్మరసంలో సమృద్ధిగా ఉంది. ఉప్పు వేయకుండా తాగితే మంచిది.

పాలకూరను ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోస్తే కరిగే ఆక్సలేటులో గణనీయమైన భాగం పోతుంది; కొన్ని విటమిన్లు కూడా దానితో పోతాయి. అందువల్ల ఇది రాళ్ళు వచ్చినవారికే గాని అందరికీ అవసరం లేదు. ఇక నీరు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వెలువడేంతగా తాగాలని వైద్యులు చెబుతారు. వరినాట్ల కాలంలో గట్టుమీద ఉంచిన కుండ ఖాళీ అయిందా, మూత్రం లేత రంగులో ఉన్నదా అన్నదే సులభమైన కొలత. మూత్రపిండాల పనితీరు తగ్గినవారు, గుండెజబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తాగాలో వైద్యుని అడిగే తెలుసుకోవాలి. రాయి పడిపోతే దానిని పారవేయక పరీక్షకు పంపడం మేలు. అది యూరిక్ ఆమ్లపు రాయి అయితే పాటించవలసిన పథ్యమే వేరు.