మాక్ ఆడిట్ అంటే ఏంటి? పోలేపల్లి ఫార్మా ప్లాంట్లకు అది ఎందుకు కీలకం?

మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో తయారయ్యే మందులు అమెరికా దాకా వెళ్తాయి. అందుకే అక్కడికి మన డ్రగ్ ఇన్‌స్పెక్టర్లతో పాటు అమెరికా ఎఫ్‌డీఏ అధికారులూ వస్తారు. వాళ్లు రాకముందే కంపెనీ తన లోపాలను తానే వెతుక్కునే పరీక్షే మాక్ ఆడిట్.

ఎలా చేస్తారు?

వేరే యూనిట్ సిబ్బంది లేదా బయటి నిపుణులు ఇన్‌స్పెక్టర్ల పాత్రలో వస్తారు. ఏదో ఒక బ్యాచ్ నంబర్ తీసుకుని ముడిసరుకు నుంచి ల్యాబ్ రిపోర్టు దాకా రికార్డులన్నీ అడుగుతారు. మేనేజర్‌తో కాకుండా మెషీన్ దగ్గరున్న ఆపరేటర్‌తో మాట్లాడతారు. ఫెయిలైన టెస్టును డిలీట్ చేసి మళ్లీ చేశారేమో ల్యాబ్ కంప్యూటర్లలో చూస్తారు. దొరికిన లోపాలను క్రిటికల్, మేజర్, మైనర్‌గా విడదీస్తారు. ఒక్కోదానికి కారణం, బాధ్యుడు, గడువు రాస్తారు. గడువు తర్వాత మళ్లీ తనిఖీ చేస్తారు.

ఇది తప్పనిసరా?

2023 డిసెంబరులో కేంద్రం సవరించిన షెడ్యూల్-ఎం ప్రకారం మందుల కంపెనీలు సొంత తనిఖీలు చేసుకోవాల్సిందే. ఆ పని అసలు తనిఖీ తరహాలో చేస్తే మాక్ ఆడిట్ అవుతుంది.

ఎక్కడ దెబ్బతింటుంది?

లోపాన్ని సరిదిద్దకుండా దాచడం నేర్పితే మొత్తానికే మోసం. 2016 డిసెంబరులో పోలేపల్లిలోని హెటెరో ల్యాబ్స్ యూనిట్-5ను ఎఫ్‌డీఏ తనిఖీ చేసింది. తాము రావడానికి ముందు పత్రాలను ష్రెడర్‌లో వేసినట్టు సీసీ కెమెరా దృశ్యాల్లో ఉందని ఇన్‌స్పెక్టర్లు రాశారు. 2017 ఆగస్టులో వార్నింగ్ లెటర్ వచ్చింది.

నిజం రాస్తే నష్టమా?

కాదు. మామూలు తనిఖీల్లో కంపెనీ అంతర్గత ఆడిట్ రిపోర్టులను అడగకూడదన్నది ఎఫ్‌డీఏ విధానం. కంపెనీలు భయపడకుండా లోపాలు రాసుకోవాలన్నదే దాని ఉద్దేశం. అసలు తనిఖీలో లోపాలు దొరికితే మాత్రం ఫామ్ 483 ఇస్తారు. 15 పనిదినాల్లో జవాబు పంపాలి. పైగా విదేశీ ప్లాంట్లలో చెప్పకుండా చేసే తనిఖీలను పెంచుతామని 2025 మేలో ఎఫ్‌డీఏ ప్రకటించింది. ముందు రోజు రాత్రి సర్దుకునే వీలు ఇక ఉండదు.

మనకేంటి సంబంధం?

మాత్ర నాణ్యతను మనం ఇంట్లో పరీక్షించలేం. ప్లాంటులో నిజాయతీగా రాసిన రికార్డే మనకు భరోసా. మందుపై అనుమానం వస్తే స్ట్రిప్, బిల్లు పారేయకండి. బ్యాచ్ నంబర్‌తో తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్‌ఫ్రీ నంబర్ 1800-599-6969కు ఫిర్యాదు చేయండి.