మీకు తెలుసా? కోర్టు పెరిగేది తొమ్మిది అడుగులే, ఆడేవాళ్లు మాత్రం రెట్టింపు!

తమిళనాడులోని మన నాట్రంపల్లి మీదుగా పోయే పెద్ద రోడ్డుకి ఓ కొసన చెన్నై, ఇంకో కొసన బెంగళూరు. రెండు ఊళ్లలోనూ ప్రపంచ స్థాయి మహిళల టెన్నిస్ పోటీలు జరిగాయి! టెన్నిస్ అనగానే అందరికీ సింగిల్సే గుర్తొస్తుంది కానీ, నేను ఏరి దాచుకున్నవి డబుల్స్ వింతలు. రండి, చూపిస్తాను!

★ తమిళనాట స్థలం కొనేవాళ్లకి 'గ్రౌండ్' లెక్క కొట్టిన పిండి: 2,400 చదరపు అడుగులు. సింగిల్స్ కోర్టు 2,106 చదరపు అడుగులే, అంటే గ్రౌండ్ కంటే చిన్నది! డబుల్స్ కోర్టు 2,808, గ్రౌండు దాటిపోయింది. పొడవు రెండింటికీ 78 అడుగులే. వెడల్పు మాత్రం 27 నుంచి 36కి పెరుగుతుంది.

★ నెట్ అంతటా ఒకే ఎత్తు అనుకుంటున్నారా? కానే కాదు! స్తంభాల దగ్గర మూడున్నర అడుగులు, నడిమధ్యన మూడే. అందుకే డబుల్స్‌లో చాలా బంతులు మధ్యలోంచే దూసుకొస్తాయి. పైగా అక్కడికొస్తే "నువ్వు కొడతావా, నేను కొట్టనా" అని ఎదుటి జోడీ తికమక పడుతుంది కూడా!

★ నెట్ దగ్గర నిలబడ్డ అమ్మాయి చెయ్యి వీపు వెనక్కి పెట్టి వేళ్లు ఆడిస్తుంటే దురద పుట్టిందనుకోకండి! సర్వ్ ఎటు వెయ్యాలో, తాను ఎటు కదులుతుందో వెనకున్న జోడీకి చెప్పే రహస్య సైగలవి.

★ ఒలింపిక్ బంగారు పతకం గెలవబోయే జంటను అదే ఏడాది ముందుగా ఓడించిన హైదరాబాద్ అమ్మాయి ఎవరు? ఇంకెవరు, సానియా మీర్జా! 2004 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ డబుల్స్ ఫైనల్. సానియాకి అప్పుడు 17 ఏళ్లు, జోడీ దక్షిణాఫ్రికా క్రీడాకారిణి లీజెల్ హ్యూబర్. ఎదురుగా చైనా జంట లీ టింగ్, సున్ తియాన్‌తియాన్. సానియా జంట గెలిచేసింది! ఆరు నెలలు తిరిగేసరికి ఆ చైనా జంటే ఏథెన్స్‌లో ఒలింపిక్ స్వర్ణం కొట్టింది. డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ సానియాయే. అదీ ఇంటి గడప ముందే!

★ మరుసటి ఏడాది, 2005లో అదే హైదరాబాద్‌లో సింగిల్స్ కప్పు కూడా ఆమెదే. డబుల్స్ కప్పు మాత్రం యాన్ జీ, ఝెంగ్ జియే ఎగరేసుకుపోయారు. 2006లో ఆ ఇద్దరే ఆస్ట్రేలియన్ ఓపెన్, వింబుల్డన్ రెండూ గెలిచారు. హైదరాబాద్ నీళ్లలో ఏదో ఉందంటారా?

★ మార్టినా హింగిస్ 1996లో వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచినప్పుడు ఆమె వయసు 15 ఏళ్ల 9 నెలలు! అప్పటికి సానియాకి తొమ్మిదేళ్లు. 19 ఏళ్ల తర్వాత, 2015లో, అదే వింబుల్డన్ కప్పు ఇద్దరూ కలిసి ఎత్తారు.

★ ఆ ఫైనల్ కథ వింటే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. రష్యా జంట మకరోవా, వెస్నినాల మీద సానియా, హింగిస్ మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. ఇక అయిపోయిందనుకున్నారంతా! 5-5 దాకా లాక్కొచ్చారు, అప్పుడు చీకటి పడుతోందని ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూసి దీపాలు వేశారు. మళ్లీ మొదలుపెట్టి 7-5తో ముగించేశారు.

★ సానియా, హింగిస్ జంట వరసగా ఎన్ని మ్యాచ్‌లు గెలిచిందో ఊహించండి! పది? ఇరవై? 41! 2015 యూఎస్ ఓపెన్‌లో మొదలైన ఆ పరుగు 2016 ఫిబ్రవరిలో దోహాలో ఆగింది. ఆపినవాళ్లలో ఒకరెవరో తెలుసా? వింబుల్డన్‌లో ఓడిన ఆ వెస్నినాయే! బాకీ వడ్డీతో తీర్చుకుంది.

★ 41 ఎక్కువనుకుంటే ఇది వినండి: నవ్రతిలోవా, పామ్ ష్రైవర్ జంట 1983 నుంచి 1985 దాకా వరసగా 109 మ్యాచ్‌లు గెలిచింది. రెండేళ్లకు పైగా ఓటమి అన్న మాటే లేదు!

★ డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ స్థానంలో సానియా ఉన్నది మొత్తం 91 వారాలు. రోజుల్లో చెప్పాలంటే 637!

★ ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన వింత. 2016 ఆగస్టులో సానియా, హింగిస్ విడిపోయారు. వెంటనే సిన్సినాటి ఫైనల్లో ఒకరికొకరు ఎదురుపడ్డారు! సానియా పక్కన స్ట్రిత్సోవా, హింగిస్ పక్కన వాండెవే. సానియా గెలిచింది. అంతవరకూ ఇద్దరూ పంచుకుంటున్న నంబర్ వన్ ర్యాంకు ఆమె ఒక్కదానిదే అయిపోయింది. సినిమాలో పెడితే "అతిగా ఉంది" అంటాం.

★ విలియమ్స్ అక్కాచెల్లెళ్లు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ ఫైనల్స్ ఆడింది 14 సార్లు. ఓడింది? సున్నా! మూడు ఒలింపిక్ స్వర్ణాలు దీనికి అదనం. 2008లో ఆ ఇద్దరూ మన పక్కనున్న బెంగళూరుకే వచ్చి, సింగిల్స్ సెమీఫైనల్లో ఒకరితో ఒకరు తలపడ్డారు. సెరీనా గట్టెక్కింది, ఆ తర్వాత కప్పు కూడా ఆమెదే.

★ చాలా డబ్ల్యూటీఏ పోటీల్లో డబుల్స్‌కి మూడో సెట్టే ఉండదు! చెరో సెట్ గెలిస్తే, ముందుగా పది పాయింట్లు (రెండు తేడాతో) సాధించినవారే విజేతలు.

★ రెండేళ్లకు పైగా రాకెట్‌కి దూరంగా ఉండి, తల్లయి, తిరిగొచ్చిన మొదటి పోటీలోనే కప్పు కొట్టడం సాధ్యమా? 2020 జనవరిలో హోబార్ట్‌లో సానియా అదే చేసింది, ఉక్రెయిన్ క్రీడాకారిణి నాదియా కిచెనోక్ జోడీగా.

★ అలాంటిదే ఇంకొకటి చెన్నైలో! బ్రెజిల్ అమ్మాయి లూయిజా స్టెఫానీకి 2021 యూఎస్ ఓపెన్ డబుల్స్ సెమీఫైనల్లో మోకాలు దెబ్బతింది. అప్పుడు జోడీ కెనడా క్రీడాకారిణి గాబ్రియెలా డాబ్రోవ్‌స్కీ. ఏడాది తర్వాత స్టెఫానీ తిరిగి అడుగుపెట్టిన పోటీ 2022 సెప్టెంబరులో నుంగంబాక్కంలో జరిగిన చెన్నై ఓపెన్. పక్కన మళ్లీ అదే డాబ్రోవ్‌స్కీ! ఫైనల్ 6-1, 6-2. కప్పు వాళ్లదే!