జలాంతర్గామి పైకి తేలే వేళ

తెరచాప పడవలో విహారం ఎంతో ప్రశాంతమైనది. యంత్రపు రొద ఉండదు, పొగ ఉండదు. అయితే జలాంతర్గాములు సంచరించే సముద్రాలలో ఆ నిశ్శబ్దమే ప్రమాదానికి కారణం కాగలదు. ఎందుకో చూద్దాం.

సముద్రజలంలో కాంతి ఎంతో దూరం ప్రసరించదు. రాడార్ తరంగాలు నీటిలో పనిచేయవు. ధ్వని మాత్రం సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో, అంటే గాలిలో కంటే నాలుగు రెట్లు వేగంగా, పయనిస్తుంది. కనుక మునిగి ఉన్న జలాంతర్గామికి చెవులే కళ్ళు. ధ్వనిని పంపి ప్రతిధ్వనిని గ్రహించడం సోనార్‌లో ఒక పద్ధతి. కాని అది తన ఉనికిని ఇతరులకు తెలియజేస్తుంది. అందుచేత సాధారణంగా మౌనంగా వినడానికే ప్రాధాన్యమిస్తారు. పెద్ద ఓడల ఇంజన్ల, ప్రొపెల్లర్ల చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. ఇంజన్ ఆపి గాలివాటున సాగే పడవ సవ్వడి అలల హోరులో కలిసిపోతుంది.

అందువలననే పైకి తేలేముందు పెరిస్కోప్ ఎత్తి నలుదిక్కులా పరిశీలించాలి. ఆ కన్ను నీటికి ఒక మీటరు ఎత్తున ఉంటే దిగంతం మూడున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. అలలు ఎత్తుగా లేచినా, మసక కమ్మినా చిన్న పడవ కనబడకపోవచ్చు.

ఈ పరిశీలనలో తొందరపడితే ఏమవుతుందో 2001 ఫిబ్రవరి 9న హవాయి దీవుల వద్ద లోకానికి తెలిసింది. అమెరికా జలాంతర్గామి గ్రీన్‌విల్, అతిథుల ఎదుట, అత్యవసరంగా పైకి తేలే విన్యాసాన్ని ప్రదర్శించింది. ముందుగా పెరిస్కోప్‌తో చూశారు. కాని చూడవలసినంత సేపు చూడలేదు. తరువాత లోతుకు దిగి, తొట్లలోని నీటిని అధిక పీడన వాయువుతో వెళ్ళగొట్టారు. అలా పైకి లేచిన జలాంతర్గామిని మధ్యలో ఆపడం సాధ్యం కాదు. అది జపాన్ మత్స్యశిక్షణ నౌక ఎహిమె మారును అడుగునుండి ఢీకొంది. నౌకలోని 35 మందిలో తొమ్మిదిమంది మరణించారు; వారిలో నలుగురు విద్యార్థులు. ఇంజన్‌తో నడిచే సుమారు 58 మీటర్ల నౌకకే ఈ గతి పట్టినప్పుడు, చప్పుడు చేయని చిన్న పడవ మాట చెప్పనక్కరలేదు.

1972 నాటి అంతర్జాతీయ నౌకాయాన నియమాల ప్రకారం ప్రతి నౌకా కంటితోను, చెవితోను నిరంతరం కనిపెట్టి ఉండాలి. ఇంజన్‌తో నడిచే నౌక సాధారణంగా తెరచాప పడవకు దారి ఇవ్వాలి. కాని ఉన్నదని తెలియని పడవకు దారి ఇచ్చేదెలా? కనుక జలాంతర్గాముల విన్యాసాలు జరిగే ప్రాంతంలో తెరచాపతో పోతున్నా ఇంజన్‌ను నడుపుతూ ఉండడం, లోతును కొలిచే ఎకో సౌండర్‌ను పనిచేయించడం, రాత్రివేళ దీపాలు వెలిగించడం, నావికులకు చేసే రేడియో ప్రకటనలు వినడం మేలు. ఆ కాస్త చప్పుడే క్రిందివారికి హెచ్చరిక అవుతుంది.

స్వదేశం వెళ్ళినపుడు పిల్లలకు విశాఖ సముద్రతీరంలో 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న జలాంతర్గామి కురుసురను చూపించండి. బయటకు చూడడానికి కిటికీలు లేని ఆ ఇరుకు గదులలో నడిస్తే, నావికులు వినికిడిపై ఎంతగా ఆధారపడతారో వారికే బోధపడుతుంది.